జారని బండి

కోటిలింగం బండి కొనడానికి తిరగడం మొదలుపెట్టి పద్దెనిమిది రోజులయింది. పదకొండు బండ్లు చూశాడు. ఒక్కటీ కొనలేదు.

రోజూ అదే పని. పొద్దున్నే ఆశ్రమం ఉన్న సీల్‌ధార్ కొండ దిగడం, మలుపు దగ్గర బస్సెక్కడం, కింద లోయలో ఉన్న బజారుకు పోవడం. అక్కడ పాత బండ్లు అమ్మే యార్డుల్లో నేల మీద వెల్లకిలా పడుకుని బండి పొట్ట చూడడం, లేచి దుమ్ము దులుపుకోవడం, తల అడ్డంగా ఊపడం, మళ్లీ బస్సెక్కడం. ఆశ్రమం చేరేసరికి మోకాళ్లు తనవి కానట్టు ఉండేవి.

వంటింటి అరుగు మీద సోమగిరి స్వామి కంబళి కప్పుకుని కూర్చుని ఉండేవారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. బాపట్ల పక్క పల్లెలో పుట్టి, నలభై ఏళ్ల కిందట ఈ హిమాలయాలకు వచ్చి, ఇక దిగి పోలేదు. ఆయన ఒకే మాట అడిగేవారు.

"దొరికిందా?"

"లేదు స్వామీ. చాసిస్ చట్రం తుప్పు పట్టింది."

మర్నాడు మళ్లీ, "దొరికిందా?"

"లేదు స్వామీ. టైర్లకు గాట్లు అరిగిపోయాయి. మంచులో పట్టు దొరకదు."

"సరే, అన్నం తిను."

అంతకుమించి ఆయన అడగరు. అడిగితే బాగుండునని కోటిలింగానికి ఉండేది. తిట్టినా బాగుండేది.

కోటిలింగం బండ్ల సంగతి తెలియని మనిషి కాడు. ఇరవై రెండేళ్లు లారీ తోలాడు. బెజవాడ నుంచి ఢిల్లీ దాకా ఏ దాబాలో పప్పు పలచగా ఉంటుందో, ఏ వంతెన మీద గుంట ఉందో చెప్పగలడు. భార్య పోయాక లారీ వదిలేసి, కాశీకని బయలుదేరి, కాశీలో మనసు నిలవక, ఎవరో చెప్పగా విని స్వామి దగ్గరకు వచ్చాడు. ఆరేళ్లయింది. కట్టెలు కొడతాడు, నీళ్లు మోస్తాడు, మొన్నటి చలికాలం దాకా ఆశ్రమం జీపు తోలేవాడు.

సీల్‌ధార్‌లో ఆసుపత్రి లేదు. ఎవరికి ఏమొచ్చినా ఇరవై ఏడు కిలోమీటర్లు దిగాలి. చలికాలం వస్తే మంచుకు బస్సు ఆగిపోతుంది. డ్రైవింగు వచ్చిన మగవాళ్లంతా కూలిపనులకు లోయలోకి దిగిపోతారు. ఊరికి మిగిలేది ఆశ్రమం జీపు, దాన్ని తోలే కోటిలింగం.

మొన్నటి పుష్యమాసంలో లచ్చూరామ్ అనే గొర్రెల కాపరికి గుండెలో నొప్పి వచ్చింది. జీపు వెనక సీటు మీద పడుకోబెట్టారు. భార్య ఫూలాదేవి అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కోటిలింగం తోలుతున్నాడు.

దేవదారు చెట్ల నీడలో ఎండ సోకని మలుపు ఒకటుంది. అక్కడ రోడ్డు తడిసినట్టు నల్లగా మెరుస్తూ ఉంది. అది తడి కాదు, మంచు గడ్డకట్టి గాజుపలకలా పరుచుకుంది. జీపు కొంచెం జారింది. కొంచెమే. కోటిలింగం కాలు బ్రేకు మీదికి పోయింది. మైదానంలో ఇరవై రెండేళ్లు పోయిన కాలు, ఇంకెక్కడికి పోతుంది? చక్రాలు బిగుసుకున్నాయి. జీపు గిర్రున అడ్డం తిరిగి, వెనక చక్రాలు కొండవైపు కాలవలో దిగబడ్డాయి.

ఊళ్లోవాళ్లు పారలతో వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. లచ్చూరామ్ వెనక సీటు మీదే పోయాడు.

సమయానికి చేరినా బతికేవాడో లేదో చెప్పలేమన్నాడు డాక్టరు. ఊళ్లో ఎవరూ కోటిలింగాన్ని ఒక్క మాట అనలేదు. ఫూలాదేవి ఎప్పటిలాగే రోజూ పొద్దున ఆశ్రమానికి పాలు తెస్తూనే ఉంది. ఆమె వచ్చే వేళకు కోటిలింగం పెరట్లోకి పోయి కట్టెలు కొట్టేవాడు. ఆ ఏడు ఆశ్రమంలో కట్టెలు అవసరానికి మూడింతలు పోగుపడ్డాయి.

"రెండు చక్రాల మీద లాగే బండి స్వామీ అది. నాలుగు చక్రాలదైతే జారేది కాదు," అని ఒకసారి అన్నాడు.

స్వామి విన్నారు. ఆ జీపు తుక్కు కింద పోయింది.

ఇప్పుడు ఫూలాదేవి కోడలికి ఏడో నెల. మాఘంలో కాన్పు. మాఘంలో సీల్‌ధార్‌లో మోకాలిలోతు మంచు ఉంటుంది. అందుకే, మంచు పడేలోపు బండి చూడమని స్వామి చెప్పారు.

పందొమ్మిదో రోజు పొద్దున కోటిలింగం మెడకు మఫ్లరు చుట్టుకుని బయటికి వచ్చేసరికి, స్వామి చేతికర్ర పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

"ఎక్కడికి స్వామీ?"

"బజారుకి."

"మీ మోకాళ్లతో ఈ దిగుడు..."

"నీ మోకాళ్లు బాగున్నాయా?"

కోటిలింగం ఆయన చెయ్యి పట్టుకుని కొండ దింపాడు. బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఎలాంటి బండి కావాలో స్వామి అడుగుతారనుకుని, చెప్పడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాడు. నేల నుంచి ఎత్తుండాలి, నాలుగు చక్రాలూ లాగాలి, చలిలో డీజిలు బండి ఒక్క సెల్ఫుకే అందుకోవాలి, బ్యాటరీ కొత్తదై ఉండాలి. స్వామి అడగలేదు. కిటికీలోంచి చూస్తూ, "ఈసారి ఆపిల్ కాపు తక్కువలాగుంది," అన్నారు.

పన్నెండో బండి మంగత్‌రామ్ యార్డులో ఉంది. ఒకప్పుడు మిలటరీలో మెకానిక్కుగా చేసిన మనిషి. నోరు తిన్నగా ఉండదు. కోటిలింగాన్ని చూడగానే అందుకున్నాడు.

"వచ్చాడయ్యా మదరాసీ మహరాజు! బాబాజీ, మీ శిష్యుడు బండి కొనడానికి వస్తున్నాడా, పిల్లని చూడడానికి వస్తున్నాడా? ఒకదానికి ముక్కు వంకరంటాడు, ఒకదానికి నడక బాలేదంటాడు. ఈ లోయలో ఇక చూపించడానికి పిల్లలు లేరు!"

స్వామి నవ్వారు. కోటిలింగం నవ్వలేదు.

బండి బూడిదరంగు పాత జీపు. ఒక తలుపుకు పిడి లేదు, తాడు కట్టారు. కోటిలింగం గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరాడు. చాసిస్ తట్టి చూశాడు, గట్టిగానే ఉంది. చక్రాల మీది స్ప్రింగు పట్టీలు, కమాన్ కట్టలు, బాగున్నాయి. ఆయిలు కారడం లేదు. బయటికి వచ్చి టైర్ల గాట్లలో వేలు పెట్టి చూశాడు. బానెట్ ఎత్తాడు. సెల్ఫు కొట్టమన్నాడు. ఆ చలిలో ఒక్కసారికే అందుకుంది. పొగ కూడా నల్లగా లేదు. అతనికి ఏదో భయం పట్టుకుంది.

"నాలుగు చక్రాలూ లాగుతాయా?"

"లాగుతాయి."

"మంచు మీద జారదుగా?"

మంగత్‌రామ్ చేతులు తుడుచుకుంటున్నవాడల్లా ఆగి అతనివైపు చూశాడు.

"మహరాజ్, నాలుగు చక్రాలు లాగే బండి ఎక్కేటప్పుడు నాలుగూ ఎక్కుతాయి. జారేటప్పుడు నాలుగూ జారతాయి. జారని బండి కావాలంటే ఒకటే ఉంది, ఇదిగో," అని మూలన చక్రాలు ఊడదీసి ఇటుకల మీద నిలబెట్టిన పాత వ్యాను చూపించాడు.

కోటిలింగం ముఖం ఎర్రబడింది.

"స్టీరింగు లూజుగా ఉంది," అన్నాడు.

"పట్టుకోకుండానే?" అన్నాడు మంగత్‌రామ్. తరువాత స్వామివైపు తిరిగి, వేళాకోళం తగ్గించి చెప్పాడు. "అదే బాబాజీ నాకు అర్థం కానిది. ఈ బజారులో ఏ యార్డువాడిని అడిగినా చెబుతాడు. మీ వాడు బండి కిందికి దూరతాడు, పైకెక్కుతాడు. ఎవరు తోలినా పక్కన కూర్చుంటాడు. తాళంచెవి మాత్రం పుచ్చుకోడు."

కోటిలింగం గోనెపట్టా మడవడం మొదలుపెట్టాడు. మడిచిందే మళ్లీ మడిచాడు.

స్వామి బండి చుట్టూ ఒకసారి తిరిగారు. టైరు చూడలేదు, బానెట్ చూడలేదు. వెనక తలుపు తీసి సీటు మీద అరచేత్తో నొక్కి చూశారు. తరువాత అన్నారు:

"తాళంచెవి ఇతనికివ్వు. పైదాకా వెళ్లొస్తాం."

"నేనూ వస్తాను బాబాజీ. దేవదారుల మలుపు దగ్గర నిన్న రాత్రి నీళ్లు గడ్డకట్టాయి."

"నువ్వొద్దు. టీ పెట్టించు."

తాళంచెవి కోటిలింగం అరచేతిలోకి వచ్చింది. మంచుగడ్డలా ఉంది. "స్వామీ," అన్నాడు తెలుగులో, మంగత్‌రామ్‌కు అర్థం కాకుండా. "ఈయన్నే తోలమందాం. ఈ రోడ్డు ఈయనకు అలవాటు. నేను పక్కన కూర్చుని ఇంజను వింటాను."

"మాఘంలో మంగత్‌రామ్ వస్తాడా?" అన్నారు స్వామి. అప్పటికే ఆయన వెనక సీటు మీదికి ఎక్కుతున్నారు. ఎక్కి, చెప్పులు విడిచి, కంబళి కప్పుకుని, సీటు పొడవునా పడుకున్నారు. తల ఒకవైపు, కాళ్లు ఒకవైపు. లచ్చూరామ్ పడుకున్నట్టే.

"అలా పడుకోకండి స్వామీ."

"నడుము లాగుతోందయ్యా. పోనీయ్."

పైకి ఎక్కడం కష్టం కాలేదు. బండి మంచిది. గేరు మార్చినప్పుడల్లా చెయ్యి తనంతట తనే పోయింది. పది నెలలు పట్టుకోని స్టీరింగు పది నెలలూ చేతిలోనే ఉన్నట్టు ఒదిగింది. స్టీరింగు లూజుగా లేదు. దేవదారుల మలుపు వచ్చింది. ఆ మలుపు మీదుగా ఎక్కేటప్పుడు చక్రాలు ఒకసారి గిలగిల్లాడి పట్టు దొరికించుకున్నాయి. పైన వెడల్పు జాగాలో బండి తిప్పి ఆపాడు.

ఇప్పుడు దిగాలి. కింద మలుపు కనిపిస్తోంది. రోడ్డు నల్లగా, తడిసినట్టు మెరుస్తోంది.

కోటిలింగం హ్యాండ్ బ్రేకు లాగాడు. కుడికాలు అప్పుడే బ్రేకు కోసం పోతోంది. దాన్ని చేత్తో నొక్కి పట్టుకున్నాడు. ఆగలేదు.

"స్వామీ," అన్నాడు ముందుకే చూస్తూ. "బండి తప్పేం లేదు. ఆ జీపు తప్పూ లేదు. నా కాలు స్వామీ. కాలు బ్రేకు మీదికి పోయింది. గేరు మీద దించాలని మీరు చెప్పారు, ఊళ్లోవాళ్లు చెప్పారు. విన్నాను. అయినా పోయింది. మళ్లీ పోతుంది."

వెనక నుంచి జవాబు లేదు.

"మంగత్‌రామ్‌ను పిలుచుకొస్తాను. నడిచిపోతాను. మీరిక్కడే ఉండండి. స్వామీ?"

వెనక్కి తిరిగి చూశాడు. స్వామి కళ్లు మూసి ఉన్నాయి. నోరు కొంచెం తెరుచుకుంది. ముసలి గొంతులోంచి సన్నగా గురక వస్తోంది.

"స్వామీ," అన్నాడు కొంచెం గట్టిగా.

గురక ఆగలేదు.

కోటిలింగం ముందు కోపం తెచ్చుకున్నాడు. ఇంత చెబితే, ఇన్ని నెలలకు నోరు విప్పి చెబితే, ఈయన నిద్రపోతాడా? తరువాత ఆ ముఖాన్ని అలాగే చూస్తూ ఉండిపోయాడు. బుగ్గలు లోపలికి పోయాయి. పొద్దున చీకటితో లేచి, ఆ మోకాళ్లతో కొండ దిగిన మనిషి. కంబళి ఒక పక్కకు జారిపోయి చెయ్యి బయటపడింది. చలికి ఆ చెయ్యి నీలంగా ఉంది. కోటిలింగం సీటు మీదుగా వంగి కంబళి సరిచేశాడు.

లేపాలనిపించలేదు.

ఇంజను వేడి మెల్లగా లోపలికి వస్తోంది. ఎంతసేపు కూర్చున్నాడో తెలీదు. కింద నుంచి గడ్డిమోపుతో ఒకామె ఎక్కుతూ వచ్చి, ఆగి ఉన్న బండిలోకి తొంగి చూసి, పడుకున్న ముసలాయన్ను చూసి, అడుగుల చప్పుడు తగ్గించుకుని పక్క నుంచి పోయింది.

కోటిలింగం నాలుగు చక్రాలూ లాగేలా లీవరు వేశాడు. చిన్న గేరులో పెట్టాడు. హ్యాండ్ బ్రేకు మెల్లగా వదిలాడు, టక్కున చప్పుడైతే స్వామి ఉలిక్కిపడతారని. బండి తనంతట తను, ఇంజను పట్టుకున్న మేరకే, ముసలి ఎద్దులా దిగడం మొదలుపెట్టింది.

మలుపు దగ్గర వెనక చక్రం జారింది. అతనికి తెలిసింది. కాలు లేచింది కూడా. బ్రేకు వేస్తే బండి కుదుపుతుంది, కుదిపితే లేస్తారు. కాలు గాలిలోనే ఒక క్షణం నిలబడి, మెల్లగా నేల మీదికి దిగింది. చక్రం జారి, జారి, మళ్లీ పట్టుకుంది. చెట్ల నీడ అయిపోయింది. ముందు అద్దం నిండా ఎండ పడింది.

యార్డులోకి వచ్చి బండి ఆపి కోటిలింగం చాలాసేపు దిగలేదు. మంగత్‌రామ్ రెండు గాజుగ్లాసుల్లో టీ పట్టుకుని వచ్చాడు.

"ఏం మహరాజ్, దీనికేం వంక?"

కోటిలింగం చెప్పాడు. "తలుపుకు పిడి లేదు. ఎడమ అద్దం పైకి రావడం లేదు. హారను మోగడం లేదు."

"అంటే వద్దా?"

"వంకలడిగావు, చెప్పాను. కాగితాలు తీసుకురా."

మంగత్‌రామ్ టీ గ్లాసులు రెండూ చేతికిచ్చి లోపలికి పోయాడు. కోటిలింగం దిగి, తన గ్లాసు బానెట్ మీద పెట్టి, రెండోది పట్టుకుని వెనక తలుపు తాడు విప్పాడు. ఆ అలికిడికి స్వామి కళ్లు తెరిచి, ఎక్కడున్నదీ తెలియనట్టు చుట్టూ చూసి, మెల్లగా లేచి కూర్చున్నారు. టీ అందుకున్నారు.

"దిగేశామా?"

"దిగేశాం స్వామీ."

ఆయన ఒక గుక్క తాగారు. కోటిలింగం అక్కడే నిలబడ్డాడు. అడగాలా వద్దా అని కాసేపు చూసి, అడిగాడు.

"బండి ఎలా ఉంది స్వామీ?"

"తెలీదయ్యా," అన్నారు స్వామి. "నిద్రపట్టేసింది."