మా గ్రంథాలయాన్ని ఎప్పుడు చేరుస్తారు?

హిమజకి కోపం వచ్చిందంటే కీబోర్డు చప్పుడులోనే తెలిసిపోతుంది. ఆ ఉదయం ముందుగదిలోంచి టకటకలు కాస్త జోరుగా వినబడేసరికి సన్యాసిరావు మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"మళ్ళీ అదే ప్రశ్న మాస్టారూ," అంది హిమజ. "'మా గ్రంథాలయాన్ని ఎప్పుడు చేరుస్తారు?' అట. ఊరికొకరు ఇదే అడుగుతున్నారు. చేర్చడానికి మనమెవరం? కావలసినవాళ్ళు దించుకోవాలి, వాడుకోవాలి. అంతే కదా."

"నువ్వేం జవాబిచ్చావు?"

"గైడ్ రెండో పేజీ చూడండి అని."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, విజయనగరంలో తమ వీధి గ్రంథాలయం కోసం మాస్టారు ఒక సాఫ్ట్‌వేర్ రాశారు. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో, ఎవరు పట్టుకెళ్ళారో చెబుతుంది. దానికి 'అలమర' అని పేరు పెట్టారు. కోడ్ దాచుకోలేదు. ఎవరైనా తీసుకోవచ్చు, బాగుచెయ్యవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు. అలా అది ఊళ్ళు దాటింది, రాష్ట్రాలు దాటింది. ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు దానికి మెరుగులు పెట్టారు. వాడేవాళ్ళు పెరిగినకొద్దీ ప్రశ్నలూ ముసురుకున్నాయి. వాటికి జవాబులు చెప్పే పని హిమజ నెత్తిన పడింది.

హిమజ ఆయన శిష్యురాలు. అలమర ఆనుపానులన్నీ ఆమెకి కొట్టినపిండి. వాడేవాళ్ళ కోసం బొమ్మలతో సహా గైడ్ రాసింది కూడా ఆమే. తెల్లారి లేస్తే ప్రశ్నలే ప్రశ్నలు కావడంతో ఈమధ్య విసిగిపోయి ఒక నిర్ణయానికొచ్చింది. ఆ సాయంత్రం అలమరకి పనిచేసేవాళ్ళందరూ ఆన్‌లైన్‌లో కలిసినప్పుడు మాస్టారు అలమర పగ్గాలు ఎవరికో ఒకరికి అప్పగిస్తారు. ఆ ఒకరు తనే కావాలని హిమజకి గట్టి ఆశ. అందులో తప్పేమీ లేదు, అంత పని చేసింది మరి. పగ్గాలు చేతికి రాగానే మొట్టమొదట ప్రశ్నల పేజీ మూసేస్తానని మాస్టారికి ముందే చెప్పింది. గైడ్ ఉండగా మళ్ళీ ప్రశ్నలెందుకు?

మాస్టారు "చూద్దాం" అన్నారు. మాస్టారి 'చూద్దాం'లో ఔనుందో కాదుందో ఇన్నేళ్ళ శిష్యరికంలోనూ ఆమెకి అంతుపట్టలేదు.

ఇంతలో ఎవరో తలుపు తట్టారు. గుమ్మంలో నలభై దాటిన ఒకావిడ నిలబడి ఉంది. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఒక సంచీని గుండెలకి హత్తుకుని ఉంది.

"సన్యాసిరావు మాస్టారి ఇల్లు ఇదేనాండి? నా పేరు పైడిరత్నం. సాలూరు అవతల, కొండకింద ఊరండి మాది. అక్కడ గ్రంథాలయం నానే సూస్తాను." సంచీలోంచి తువ్వాలు చుట్టిన ల్యాప్‌టాప్ తీసింది. "మాది కూడా సేర్సుకోండని మొన్న కంప్యూటర్లో అడిగినానండి. గైడు సూడమన్నారు. సూసినాను. దరఖాస్తు ఎక్కడ పెట్టాలో అందులో నేదు. అందుకే బస్సెక్కి వచ్చేసినాను."

హిమజకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ 'గైడు సూడమన్నది' తనే అని ఆవిడకి తెలియదు, అదొక్కటే నయం. గబగబా ముందుకొచ్చి, "దరఖాస్తు ఏమీ లేదండీ, ఇటివ్వండి నేను…" అంటూ ల్యాప్‌టాప్ అందుకోబోయింది.

"హిమజా, నీ గొంతు బాగున్నట్టు లేదు," అన్నారు మాస్టారు. గోడ గూట్లోంచి చిన్న సీసా తీసి, ఒక కరక్కాయ ముక్క ఆమె చేతిలో పెట్టారు. "బుగ్గన పెట్టుకో. అది నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడకూడదు, మాట్లాడితే గుణమివ్వదు."

హిమజ గొంతు నిక్షేపంలా ఉంది. అయినా మాస్టారి మాట తీసెయ్యలేక ముక్క నోట్లో వేసుకుంది. పరమ చేదు, వగరు.

"మీరు కూర్చోండమ్మా," అన్నారాయన రత్నంతో. "గైడ్ చూసి మీ అంతట మీరే మొదలుపెట్టండి. మా హిమజ పక్కనే ఉంటుంది."

రత్నం ల్యాప్‌టాప్‌లో అలమర తెరిచింది. ప్రింటు తీయించుకున్న గైడు కూడా బయటికి తీసింది. మొదటి పేజీ చకచకా అయిపోయింది. రెండో పేజీ దగ్గర ఆవిడ వేలు ఆగింది.

'జాబితాలో మీ గ్రంథాలయం పేరు మీద నొక్కండి.' కింద బొమ్మ. బొమ్మలో వరసగా గ్రంథాలయాల పేర్లు.

రత్నం ల్యాప్‌టాప్ తెర మాత్రం తెల్లగా ఖాళీగా ఉంది.

ఆవిడ ఆ వాక్యం మళ్ళీ చదివింది, ఈసారి పెదవులు కదుపుతూ. బొమ్మ చూసింది. తెర చూసింది. పైమూలన కొత్త పేరు చేర్చుకోవడానికి చిన్న కూడిక గుర్తు ఉంది, బూడిదరంగులో. హిమజ వేళ్ళు దురదపెట్టాయి. అక్కడే ఉంది కదా, అక్కడే! రత్నం చూపు అటు పోనేలేదు. కాసేపటికి పమిటకొంగుతో తెరని మెల్లగా తుడిచింది. తుడిచి మళ్ళీ చూసింది.

తెరనెందుకు తుడుస్తోంది? హిమజ విసుగు ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని రత్నం పక్కనుంచి ఆ తెరని చూసింది. పేర్ల కోసం వెతుకుతోంది ఆవిడ. దుమ్ము కింద ఉన్నాయేమోనని చూస్తోంది. హిమజ కంప్యూటర్లో ఆ పేర్లు మొదటినుంచీ ఉన్నాయి. ఈ ఖాళీ పేజీని ఆమె ఒక్కనాడూ చూడలేదు.

"ఇందులో అన్నీ పెద్ద ఊళ్ళేనండి," అంది రత్నం, బొమ్మ మీద వేలు పెట్టి. "మాది చిన్న ఊరు, ఇంకా ఎక్కించినట్టు నేదు. అందుకే ఎప్పుడు సేరుస్తారని అడిగినాను. వరసొచ్చే వరకూ ఆగుతాం, తొందరేం నేదు. కాకపోతే ఈ కంప్యూటరు ఇచ్చినాయన, వాడుకోనప్పుడు మీకెందుకు, ఎనక్కిచ్చీండి అంటన్నారు." కాస్త ఆగి, నొచ్చుకుంటున్నట్టు, "గైడు సక్కగానే రాసినారండి. నా బుర్రకే ఎక్కనేదు," అంది.

హిమజకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కరక్కాయ ముక్క చేతిలోకి తీసేసింది.

"అమ్మా, ఆ పైన మూలని…"

"ఆగు," అన్నారు మాస్టారు.

"ఒక్క ముక్క మాస్టారూ. చెప్పేస్తే ఆవిడకి తెలిసిపోతుంది."

"తెలిసిపోతుంది," అన్నారాయన. "రేపు ఈ పేజీ తెరిస్తే నీకులాగే ఆవిడకీ అంతా తేటతెల్లంగానే ఉంటుంది. అప్పుడింక ఇక్కడ ఏది అర్థం కాదో మనకెవరు చెబుతారమ్మా?"

హిమజ తెరవైపు చూసింది. రత్నం వైపు చూసింది. సాయంత్రం మాట ఆ క్షణాన ఆమెకి గుర్తే లేదు.

"రత్నం గారూ, ఆ గైడు రాసింది నేనండీ," అంది. "మీ గ్రంథాలయం ఇవాళే ఎక్కుతుంది, ఎక్కించాకే మిమ్మల్ని పంపిస్తాను. ముందు నాకొకటి చెప్పండి. ఈ తెల్ల పేజీ చూడగానే మీకేమనిపించింది?"

రత్నం మొహమాటపడింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది.

మాస్టారు లోపలికెళ్ళి కాఫీ కలుపుకొచ్చేసరికి, ప్రశ్నలన్నీ హిమజే అడుగుతోంది.