కొంరవ్వ ముందు నడిచిన పొద్దు

చెవులున్నవాళ్ళు వినండి, నిద్రొస్తున్నవాళ్ళు ఊకొట్టండి. వాగుల మీద వంతెనలు లేని కాలం. కోడి కూస్తే తెల్లారిందని తెలిసే కాలం. ఆ కాలాన ఒక వాగుంది. వాగు ఒడ్డున రేగులవాడ అనే ఊరుంది. ఊరి చివర గడ్డి కప్పిన గుడిసెలో కొంరవ్వ అని ఒక ముసలామె ఉంది.

కొంరవ్వకు మొగుడు లేడు, పిల్లలు లేరు. మోదుగాకులు తెచ్చి విస్తర్లు కుట్టేది. ఊళ్ళో పెళ్ళయినా, దినమయినా ఆమె కుట్టిన విస్తట్లోనే అందరూ తినేవాళ్ళు. ఆమెకంటూ ఉన్నవి రెండే. ఒకటి తుమ్మెద అనే నల్లకుక్క. రెండోది భయం.

దేనికి భయం అంటారా? అన్నిటికీ భయమే. ఉరిమితే భయం. ఉరమకపోతే, ఎందుకు ఉరమలేదని భయం. పక్కింటి పొయ్యిలోంచి పొగ రాకపోతే వాళ్ళకేమైందోనని భయం. పొగ ఎక్కువొస్తే ఇల్లంటుకుందేమోనని భయం.

ఆకుల కోసం రోజూ పొద్దు పొడవకముందే వాగు దాటి గుట్టకు పోవాలి. ఆ దారిలో మూడు చోట్ల ఆమె గుండె దడదడ కొట్టుకునేది. మొదటిది గట్టు లేని పాత బావి. రెండోది జొన్నచేను పక్కన పాములపుట్ట. మూడోది వాగు. మూడు చోట్లా ఆగేది. మూడు చోట్లా ఒకే మాట అడిగేది.

"తుమ్మెదా, తుమ్మెదా, పోదమా?"

కుక్క ముందుకు పోయి వాసన చూసి, వెనక్కి తిరిగి తోక ఊపేది. అప్పుడు గాని కొంరవ్వ అడుగు వేసేది కాదు. కుక్క ముందు, ఆమె వెనక. ఎన్నేళ్ళయినా అదే నడక.

దారిలో ఎవరెదురైనా, "పైలం బిడ్డా, సూసుకొని పో. ఇయ్యాల ఎందుకో నా పానం మంచిగలేదు" అనేది. రోజూ అదే మాట. రోజూ ఏమీ జరిగేది కాదు. జనం నవ్వేవాళ్ళు. గొర్రెలు కాసే ఓదెలు అందరికన్నా గట్టిగా నవ్వేవాడు.

"ఈ అవ్వ మాట వింటె మంచం మీదికెల్లి కాలు కింద వెట్టం!" అనేవాడు.

కొంరవ్వకు కోపం వచ్చేది కాదు. పొద్దుగూకి అందరూ ఇళ్ళు చేరాక, "ఏం కాలే. అందరు సల్లగున్నరు" అని తుమ్మెద వీపు నిమిరి, అప్పుడు తినేది.

అట్లా ఉండగా ఆ యేడు వానలు తగ్గుముఖం పట్టాయి. పొద్దున్నే చలి మొదలయింది. జొన్న కంకుల మధ్య సాలెగూళ్ళ నిండా మంచు నిలిచింది. చేన్లగట్ల మీద గునుగు తెల్లగా, తంగేడు పచ్చగా పూశాయి. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, పెత్రమాస వచ్చింది. ఆ సాయంత్రం ఆడవాళ్ళు పూలను వరసలు వరసలుగా పేర్చి, బతుకమ్మను చేసి, చుట్టూ తిరిగి పాడుకోవాలి. ఎంత పువ్వుంటే అంత పెద్ద బతుకమ్మ. మంచి గునుగేమో వాగు నడుమ దిబ్బ మీద పూస్తుంది. వాగు అక్కడ రెండు పాయలయి, దిబ్బను నడుమ పెట్టుకుని పారుతుంది.

ఆ పొద్దున కూడా కొంరవ్వ గంప నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. ఆకాశం కడిగిన కంచంలా ఉంది. వాగు పుట్టే గుట్టల వైపు మాత్రం, ఎక్కడో దూరంగా, కాటుక గీసినట్టు ఒక మబ్బు.

బావి దగ్గర ఆగింది. "తుమ్మెదా, తుమ్మెదా, పోదమా?"

కుక్క ముందుకు పోయింది గాని తోక ఊపలేదు. ముట్టె పైకెత్తి గాలి పీల్చి, కాసేపటికి కదిలింది.

పుట్ట దగ్గర ఆగింది. "తుమ్మెదా, తుమ్మెదా, పోదమా?"

కుక్క ఆమె కాళ్ళకు అడ్డం నిలబడింది. "ఏమయిందే నీకు? జరమొచ్చిందా?" అని కొంరవ్వ దాని ముక్కు తడిమి చూసింది. ముక్కు చల్లగానే ఉంది. మెల్లగా అదిలిస్తే, కుక్క తల వంచుకుని ముందు నడిచింది.

వాగు దగ్గర ఆగింది. "తుమ్మెదా, తుమ్మెదా, పోదమా?"

కుక్క నీళ్ళలో కాలు పెట్టలేదు. ఒడ్డున కూలబడి మూలిగింది. చెవులు రెండూ గుట్టల వైపు రిక్కించింది.

కొంరవ్వ నీళ్ళు చూసింది. పాదాలు మునిగేంత లోతు. అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. నడుమ దిబ్బ మీద వాడకట్టు ఆడవాళ్ళు నవ్వుకుంటూ గునుగు తెంపుతున్నారు. ఓదెలు పెళ్ళాం సత్తెవ్వ ఉంది, వాళ్ళ చిన్నపిల్ల ఉంది, ఓదెలు తల్లి నర్సవ్వ ఉంది. నర్సవ్వకు చెవులు వినబడవు.

ఒడ్డున ఓదెలు గొర్రెలతో నిలబడి ఉన్నాడు.

"ఓదెలూ, మనోళ్ళను పిలువు కొడకా. కుక్క దిగుతలేదు."

"కుక్కకు సలిపెడుతుంది అవ్వా."

"నా పానం మంచిగలేదు."

"నీ పానం ఏనాడు మంచిగుంది?" అని ఓదెలు నవ్వాడు.

ఆ మాట నిజమే. కొంరవ్వకు ఏం చెయ్యాలో తోచలేదు. రోజూ వచ్చే భయమే ఇదీ. రోజూ అబద్ధమయ్యే భయమే. ఇవాళ నిజమో కాదో ఎట్లా తెలియాలి? కుక్కను చూసింది. వాగును చూసింది. దిబ్బ మీద ఆడుకునే పిల్లను చూసింది. గంప కింద పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎగజెక్కి, వాగులో దిగింది. తుమ్మెద వచ్చినప్పటి నుంచి కుక్క కంటే ముందు ఆమె అడుగు వేయడం అదే మొదలు.

దిబ్బ ఎక్కి, "బిడ్డలారా, పువ్వు సాలు. ఒడ్డెక్కుండ్రి" అంది. నవ్వారు. "మీకు దండం వెడత, రాండ్రి" అంది. ఇంకా నవ్వారు.

"నీళ్ళు పాదాలు దాటుతలేవు గద అవ్వా! దేనికి భయం?" అని సత్తెవ్వ అడిగింది.

"తెల్వది బిడ్డా. భయమైతుంది, గంతే. రాండ్రి."

మూడోసారి కూడా నవ్వారు.

ఇక కొంరవ్వ బతిమాలలేదు. పూలకుప్ప మీద కూర్చున్న సత్తెవ్వ బిడ్డను చటుక్కున చంకనెత్తుకుంది. నీళ్ళలో దిగి ఒడ్డువైపు పరుగు తీసింది.

"అయ్యో నా పిల్ల! పిల్లను ఏడికి కొంటవోతున్నవ్?"

సత్తెవ్వ ఒళ్ళో పూలు పారబోసి వెంటపడింది. "ముసల్దానికి పిచ్చి లేసింది, వట్టుకోండ్రి!" అంటూ తక్కిన ఆడవాళ్ళూ ఆమె వెనకే నీళ్ళలో ఉరికారు. కొంరవ్వ ఆగలేదు. ఒడ్డెక్కి, పిల్లను తుమ్మెద పక్కన దించి, రొప్పుతూ కూలబడింది.

సత్తెవ్వ పిల్లను లాక్కుంది. తలా ఒక మాట అన్నారు. ఓదెలు చేతికర్ర ఎత్తాడు. "ఏం పని చేసినవ్ అవ్వా? పిల్ల నీళ్ళల్ల వడితే ఏం గావాలె?"

కొంరవ్వ వాగు వైపు చూసింది. వాగు అట్లాగే ఉంది. గులకరాళ్ళు అట్లాగే కనబడుతున్నాయి. "తప్పయింది కొడకా" అంది. మనసులో మాత్రం, ఏమీ కాకుంటే బాగుండు, ఈ తిట్లు ఇంకో జాముసేపు పడితే పడనీ అనుకుంది.

అనుకుంటూనే చుట్టూ ఉన్న ముఖాలన్నీ చూసింది. ఒక ముఖం తక్కువుంది.

"నర్సవ్వేదే?"

నర్సవ్వ దిబ్బ మీదే ఉంది. ఇటు వీపు పెట్టి, వంగి, తన పాటికి తాను పువ్వు తెంపుకుంటోంది. ఓదెలు "అమ్మా!" అని అరిచాడు. ఆమెకు వినబడలేదు.

ఎవరూ కదలకముందే కొంరవ్వ మళ్ళీ వాగులో ఉంది. సగం దాటేసరికి నీళ్ళు ఎర్రబడ్డాయి. నురగ వచ్చింది. ఎండుటాకులు వచ్చాయి. తుమ్మెద ఎగువకు తిరిగి గొంతు చించుకుని మొరిగింది. అప్పుడు అందరికీ వినిపించింది, నూరు బండ్లు ఒక్కసారి రాళ్ళదారిలో దిగినట్టు మోత.

కొంరవ్వ నర్సవ్వ రెక్క పట్టి లాగింది. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. ఓదెలు దిగాడు. నీళ్ళు నడుముకొచ్చాయి. ఓదెలు భుజం మీది గొంగడి తీసి విసిరాడు. కొంరవ్వ ఒక చేత్తో గొంగడి కొస, ఇంకో చేత్తో నర్సవ్వను పట్టుకుంది. ఓదెలు నడుము పట్టుకుని సత్తెవ్వ, సత్తెవ్వను పట్టుకుని తక్కినవాళ్ళు. అందరూ కలిసి గుంజారు. ఇద్దరు ముసలివాళ్ళూ బురదలో బోర్లా వచ్చి పడ్డారు.

వెనక్కి చూస్తే పూలగంపలు నీళ్ళ మీద గిరగిర తిరుగుతున్నాయి. ఇంకోసారి చూస్తే గంపలూ లేవు, దిబ్బా లేదు.

ఆడవాళ్ళు ఇద్దరి ముఖాల మీది బురద తుడిచారు. చివరికి ఓదెలే అడిగాడు.

"అవ్వా, నీకెట్ల తెలిసింది?"

"నాకేం తెల్వది కొడకా. నాకు రోజు గిట్లనే ఉంటది."

"మరి నీళ్ళల్ల దిగినవ్ గద. భయం కాలేదా?"

"అయింది. ఇంక అయితనే ఉంది. జర నా చెయ్యి వట్టుకో."

ఓదెలు కర్ర పారేసి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇంటిదాకా వదల్లేదు.

ఆ తర్వాత కొంరవ్వ ధైర్యవంతురాలయిందా అంటే, కాలేదు. ఇంకొన్నేళ్ళు బతికింది. బతికినన్నాళ్ళూ భయపడింది. చాలా రోజులు ఏమీ జరగలేదు కూడా. అయినా ఎవరూ నవ్వలేదు. ఒక చలిపొద్దున నిద్రలోనే పోయింది. మరునాడు తుమ్మెద ఒక్కతే బయల్దేరింది. బావి దగ్గర ఆగి వెనక్కి చూసింది. పుట్ట దగ్గర ఆగి వెనక్కి చూసింది. వాగు దగ్గర కూర్చుని, ఎవరు పిలిచినా లేవలేదు. సత్తెవ్వ పోయి దాని పక్కన కూర్చుంది. ఎండెక్కేదాకా కూర్చుని, ఎత్తుకుని ఇంటికి తెచ్చుకుంది.

ఇప్పుడు ఆ సత్తెవ్వా లేదు, ఓదెలూ లేడు. ఊరుంది, వాగుంది. పెత్రమాస నాడు పొద్దున్నే ఆడవాళ్ళు పువ్వుకు పోతారు. వాగు ఒడ్డున గంపలు కింద పెట్టి నిలబడతారు. అందరిలోకి పెద్దామె మూడుసార్లు అడుగుతుంది, "ఎవలకన్న భయమైతుందా?" అని. పాలు మరవని పిల్లయినా సరే, ఒక్కరు "అవును" అంటే చాలు. దేనికని అడగరు. గంపలెత్తుకుని వెనక్కి తిరిగి, ఈ ఒడ్డున దొరికిన పువ్వే తెంపుకుంటారు.

ఆ యేడు బతుకమ్మ చిన్నగా ఉంటుంది. ఎవరూ ఏమీ అనరు.