గంపను తన్నిన పుంజు

గడ్డివాము పక్కన కోళ్ల దొడ్డి. అక్కడొక కట్టుబాటుంది. ఆకాశంలో గద్ద నీడ కదిలినా, పొదలో ఆకు అల్లాడినా పెద్దకోడి బొల్లిపెట్ట "కొర్ర్" మంటుంది. పిల్లలు మేత వదిలేసి, రాయి ఆనించి ఎత్తిపెట్టిన గంప కింద దూరతాయి.

ఆ పరుగు చూస్తే కుర్రపుంజు సేతువకు ఒళ్లు మండేది. వాడు రోజూ ఇంగ్లిష్ మేష్టారింటి కిటికీ దగ్గర చేరి, పంజరంలోని చిలకతో చదువు చెప్పించుకునేవాడు.

"ఇవాళ్టి పాఠం 'చికెన్ అవుట్'," అంది చిలక. "ఒక పనికి ఒప్పుకుని, తీరా సమయానికి భయపడి తప్పుకోవడం. 'వాడు ఈతపందేనికి పేరిచ్చి, ఏటి ఒడ్డున చికెన్ అవుటయ్యాడు.' అలా వాడాలి."

"మధ్యలో మా జాతేం చేసింది?"

"పిరికివాణ్ణి కోడి అనడం ఇంగ్లిష్ వాళ్లకు శతాబ్దాల అలవాటు నాయనా. నీడకే పరిగెడతారుగా! 'అవుట్' తోక మాత్రం మొన్నమొన్న అమెరికావాళ్లు తగిలించారు."

సేతువ తల దించుకుని దొడ్డికొచ్చాడు. పెంటకుప్ప ఎక్కేసరికి ఆ సిగ్గు కోపమైంది.

"సోదరులారా! గంప మన బానిసత్వం! పలాయనం ఇక చరిత్ర! రేపటి నుంచి ముందు నేను నిలబడతా, నా వెనక మీరు!"

"అబ్బాయ్, నినాదాలు నీ కడుపులోనే అరిగించుకో. పిల్లల జోలికి రాకు," అంది బొల్లిపెట్ట.

"పిల్లలకు భయం నూరిపోస్తున్నావు. సిగ్గుగా లేదూ అత్తా?"

ఆమె తల తిప్పుకుని మట్టి గీరుకోసాగింది. పిల్లలు మాత్రం గంతులేశాయి. అందరికంటే ఎక్కువ గంతులేసింది చింతగింజంత బుడ్డది, బుజ్జిమచ్చ.

కంచె అవతల నక్క చప్పట్లు కొట్టింది. "శభాష్ అల్లుడూ! పొద్దున్నే వస్తా. మీరు కదలకుండా నిలబడితే కోళ్లు పిరికివన్న మాట అబద్ధమని అడవంతా నేనే చాటుతా. మరి వీరుల దొడ్డిలో ఆ గంపెందుకు?"

సేతువ రాయిని ఒక్క తన్ను తన్నాడు. గంప నేలకు మూసుకుపోయింది.

తెల్లారింది. సేతువ వెనక పిల్లలు వరస కట్టాయి. నక్క తీరిగ్గా నడిచొచ్చింది.

"నిలబడండి!" అని సేతువ అరిచాడు. నక్క పళ్లు బయటపెట్టింది.

రెక్కలెప్పుడు విప్పాడో వాడికే తెలీదు. చూసుకునేసరికి గడ్డివాము మీదున్నాడు. మాటలు కోటలు దాటాయి, కాళ్లు వామెక్కాయి.

కింద బొల్లిపెట్ట "కొర్ర్" మంది. పిల్లలు గంపకేసి ఉరికాయి. దూరే సందు లేదు. ఆమె రెక్కలు పరిచి అందినవాటిని పొదువుకుంది. బుజ్జిమచ్చ ఒక్కటే వరసలో కదలకుండా నిలబడి, "అన్న వస్తాడు," అంటోంది.

"మాట మీద నిలబడ్డది ఇదొక్కటే అల్లుడూ!" అంటూ నక్క దాన్ని నోట కరుచుకుపోయింది.

పొద్దు వాలాక సేతువ దిగొచ్చాడు. బొల్లిపెట్ట గంప దగ్గర నిలబడి ఉంది.

"తిట్టు అత్తా."

"తిడితే తిరిగొస్తుందా? గంప అటువైపు ఎత్తు. రాయి పెట్టాలి."

ఎత్తాడు. మర్నాడు వాడి గొంతు పెగల్లేదు. కోడి కూయకపోయినా తెల్లవారింది.

పరిగెత్తడం పిరికితనం కాదు. నేనున్నానని నిలబెట్టి తాను పారిపోవడమే పిరికితనం.