ఆషాఢంలో కొలిచిన లోడు

వైరింగు మేస్త్రి దాలయ్య గారికి ఒక అలవాటు ఉండేది. మీటరు పట్టి కరెంటు ఎంత లాగుతోందో చూశాక కూడా, వైరు తొడుగు మీద చేతి వెనుక భాగం ఆనించి చూసేవారు. "మీటరు మాట విన్నాం. వైరు ఏటంటాదో కూడా వినాలి కదా" అనేవారు.

శిష్యుడు పైడిరాజు ఒకనాడు అడిగాడు. "గురువుగారూ, సొంతంగా పని నానెప్పుడు పట్టుకోవచ్చండి?"

ఊళ్లో కల్యాణమండపానికి ఏసీలు పెట్టాలంటున్నారు, ఉన్న వైరింగు మోస్తుందో లేదో తేల్చి రమ్మని ఆయన అతన్ని పంపారు.

పైడిరాజు మండపంలో లైట్లూ ఫ్యాన్లూ అన్నీ వేయించి కొలిచాడు. మెయిన్ వైరు మొయ్యగలిగిన లోడులో సగం కూడా పడలేదు. యజమాని సత్యారావు గారు మహా సంబరపడి, "పని నీదేనోయ్" అన్నారు. కుర్రవాడు గాల్లో తేలుతూ వచ్చాడు.

"ఏ మాసం నడుస్తోందిరా?" అన్నారు దాలయ్య గారు.

"ఆషాఢమండి."

"ఆ మండపం ఆషాఢంలో పని చేస్తాదేటి?"

పాపం, పైడిరాజు నాలిక కరుచుకున్నాడు.

శ్రావణంలో మొదటి ముహూర్తానికి ఇద్దరూ వెళ్లారు. వంటవాళ్ల గ్రైండర్లు, వీడియోవాళ్ల లైట్లు, మైకుసెట్టు, అద్దె కూలర్లు, గుమ్మాల నిండా సీరియల్ లైట్లు. ఎవరు తెచ్చింది వాళ్లు దొరికిన ప్లగ్గుకల్లా తగిలించేశారు. తలంబ్రాల వేళ పైడిరాజు మెయిన్ వైరుకి మీటరు పట్టి, తరవాత చెయ్యి ఆనించి, వేడికి చటుక్కున తీసేశాడు.

అది చూసి సత్యారావు గారు అక్కడికే వచ్చారు. "వచ్చే ముహూర్తం మా అమ్మాయిది. ఏసీలుండి తీరాలి. నువ్వు కాకపోతే ఇంకొకడు పెడతాడు."

పైడిరాజు గురువు వంక చూశాడు. గురువుగారు పందిరి వంక చూస్తున్నారు.

"మెయిన్ వైరు మార్చి, కరెంటాఫీసులో సర్వీసు లోడు పెంచిస్తేనే పెడతానండి. లేపోతే ఇంకొకరొచ్చినా అడ్డం నిలబడతాను. రేపు ఆ పీటల మీద కూకునేది మీ అమ్మాయేనండి."

ఎంత పెద్దమనిషి ముందైనా అతని గొంతు తొణకలేదు. ఈ కథ చెబుతుంటే నాకే గర్వంగా ఉంది. సత్యారావు గారు ముఖం ఎర్రగా చేసుకుని వెళ్లిపోయారు.

"పని పోయింది గురువుగారూ" అన్నాడు పైడిరాజు, బయటికొచ్చాక.

దాలయ్య గారు చేతి వెనుక భాగం శిష్యుడి మెడ మీద ఆనించి, కాసేపు అలాగే ఉంచారు. సంతోషం ఆయన మొహంలో దాగడం లేదు.

"ఇంత లోడు పడినా వేడెక్కలేదురా" అన్నారు.