కొమ్ములున్నవారి చెలమ

అనగనగా ఒక అడవికి వానలు మొహం చాటేశాయి. వాగు ఎండిపోయింది. జంతువులన్నీ కలిసి ఇసుకలో ఒక చెలమ తవ్వుకున్నాయి. ముందొచ్చినవాళ్ళు ముందు తాగాలని కట్టుబాటు పెట్టుకున్నాయి. కాపలాకి కొండముచ్చును కూర్చోబెట్టాయి. పిల్లలూ, ఈ కట్టుబాటు సంగతి నేను మరిచిపోకముందే చెప్పేశాను. మీరు గుర్తుపెట్టుకోండి.

దుప్పికి పెద్ద పెద్ద కొమ్ములుండేవి. అది రాగానే కొండముచ్చు లేచి నిలబడి, "దయచేయండి దొరా!" అనేది. దుప్పి తేటనీళ్ళు తాగి, తల ఎత్తుకుని వెళ్ళిపోయేది. వెనక్కి చూసే అలవాటు దానికి లేదు.

వెనకాల ముళ్ళపంది తన పిల్లతో నిలబడి ఉండేది. దాని వంతు వచ్చేసరికి బురదే మిగిలేది. ఆ బురద తాగి పిల్లకి రోజూ కడుపునొప్పి.

ఒకరోజు ముళ్ళపంది వెళ్ళి, "దుప్పి బావా, కొమ్ములు లేనివాళ్ళని కొండముచ్చు వెనక్కి నెడుతోంది. నువ్వొక మాట చెబితే వింటుంది," అంది.

"నేను రోజూ వెళ్తున్నానే! ఒక్కసారి కూడా నన్ను నెట్టలేదు. నువ్వు ఆలస్యంగా వెళ్ళి ఉంటావు," అంది దుప్పి.

మర్నాడు ముళ్ళపంది అందరికన్నా ముందే వెళ్ళింది. అయినా కొండముచ్చు వెనక్కి నెట్టింది, బురదే దక్కింది.

"అయితే దురుసుగా మాట్లాడి ఉంటావు," అంది దుప్పి.

మూడోనాడు ముందే వెళ్ళి, "అయ్యా, బాబూ" అని కూడా అంది. మళ్ళీ బురదే.

దుప్పి చాలాసేపు ఆలోచించింది. "ఒళ్ళంతా ముళ్ళున్నదానివి, నిన్ను నెట్టే ధైర్యం ఎవరికుంది? నీకలా అనిపించి ఉంటుంది, అంతే."

వారం తిరిగేసరికి దుప్పి కొమ్ములు రాలిపోయాయి. దుప్పులకి ఏటా రాలి, మళ్ళీ మొలుస్తాయి. బోడితలతోనే చెలమ దగ్గరికి వెళ్ళింది.

"ఏయ్, ఎక్కడికి? వెనక్కి!" అని అరిచింది కొండముచ్చు.

"నేను దుప్పిని!"

"దుప్పి దొరకి కొమ్ములుంటాయి. వేషాలెయ్యకు."

పక్కనే నీళ్ళు తాగుతున్న అడవిదున్నను దుప్పి పిలిచింది. "అన్నా, చూశావా ఈ అన్యాయం?"

అడవిదున్న తాపీగా మూతి నాక్కుంది. "నేను రోజూ వస్తున్నానే! ఒక్కసారి కూడా నన్ను నెట్టలేదు. నువ్వు ఆలస్యంగా వచ్చి ఉంటావు."

దుప్పి తల వంచుకుని వెనక్కి నడిచింది. ముళ్ళపంది జరిగి చోటిచ్చింది. "ఇటు రా బావా. ఈ పక్క బురద కాస్త పలచగా ఉంటుంది."

సాయంత్రానికి దుప్పికీ కడుపునొప్పి పట్టుకుంది. "నువ్వు చెప్పిందంతా నిజమే. కానీ కొమ్ములు మొలిస్తే మళ్ళీ మరిచిపోతానేమో!" అని మూలిగింది.

"ఆ బెంగ నాకొదిలెయ్ బావా. నా దగ్గర ముళ్ళున్నాయిగా," అంది ముళ్ళపంది.

నాలుగు నెలలకి కొమ్ములొచ్చాయి. వానలు మాత్రం రాలేదు. "దయచేయండి దొరా!" అంటూ కొండముచ్చు లేచింది. తేటనీళ్ళు చూడగానే దుప్పి కాళ్ళు వాటంతటవే ముందుకు నడిచాయి.

వెనక నుంచి చురుక్కుమని ఒక ముల్లు గుచ్చుకుంది.

"అబ్బా! గుర్తుంది, గుర్తుంది!" దుప్పి ఒక్క గెంతు గెంతి, ముళ్ళపంది వెనక్కి వెళ్ళి నిలబడింది. "ముందొచ్చింది వీళ్ళు. వీళ్ళు తాగాకే నేను." అప్పుడే వస్తున్న అడవిదున్న వైపు తిరిగింది. "దున్నన్నా, నువ్వు నా వెనక."

కొండముచ్చు కొమ్ముల వైపు చూసింది, ముళ్ళ వైపు చూసింది. తల గోక్కుంటూ పక్కకి తప్పుకుంది.

ముళ్ళపంది పిల్ల చెలమలోకి వంగి, అలాగే ఉండిపోయింది.

"తాగవేమే?" అంది తల్లి.

"అమ్మా, నీళ్ళల్లో ఇంకో చిన్న ముళ్ళపంది ఉంది. పాపం, దాని వంతు కూడా ఇవాళే వచ్చిందా?"

నీతి: మన దాకా రానంత మాత్రాన కష్టం లేనట్టు కాదు. పడినవాళ్ళు చెప్పినప్పుడు మొదటిసారే నమ్మాలి.