జెకర్యా కట్టిన నీళ్ళతొట్టి

మందిరం పూర్తయింది. గురువుగారు ఒక్క మంచిమాట అనడమే మిగిలింది. జెకర్యా పాస్టరుకి అదే దిగులు.

ఆయన గురువు ఆశీర్వాదం అయ్యగారు మెచ్చుకోలు విషయంలో మహా పిసినారి. ఎనభై దాటిన మనిషి. సముద్రం ఒడ్డు ఊళ్ళన్నీ సైకిలు మీద తిరిగి సంఘాలు నిలబెట్టారు. జెకర్యాని పడుచువయసులో కాలువలో ముంచి బాప్తిస్మం ఇచ్చింది ఆయనే, వాక్యం నేర్పిందీ ఆయనే. శిష్యుడు ఎంత బాగా ప్రసంగం చేసినా "గొంతు బాగుంది" అనేవారే తప్ప అంతకుమించి ఒక్క ముక్క రాల్చేవారు కాదు.

ఈసారి రాల్చక తప్పదనుకున్నాడు జెకర్యా. తాటాకు పాకలో మొదలైన సంఘానికి చుట్టుపక్కల ఎక్కడా లేని మందిరం కట్టాడు మరి. ఏసీలు, గోడంత తెర, ప్రసంగాన్ని దేశదేశాలకూ చూపించే కెమెరాలు, చుట్టూ నిలువెత్తు ప్రహరీ. అన్నిటికంటే అతనికి ముద్దొచ్చేది వేదిక పక్కన నీలంరంగు పలకలు పరిచిన బాప్తిస్మపు తొట్టి. ఇక తన సంఘంవాళ్ళు గేదెలు దిగే కాలువలో మునగక్కర్లేదు. ఇంత కట్టినవాడికి గర్వం రాదా అంటే ఎందుకు రాదు, జెకర్యాకి బాగానే వచ్చింది.

ప్రతిష్ఠ మే నెలలో పెట్టుకున్నాడు. అవి కాలువలకి నీళ్ళు కట్టేసే రోజులు. ఆ ఊరు కాలువకి చిట్టచివర ఉంది, బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. మంచినీళ్ళ చెరువు అడుగంటిపోయి, ఆడవాళ్ళు అందులోనే చెలమలు తవ్వి గిన్నెలతో తోడుకుంటున్నారు. జెకర్యా మాత్రం ఎక్కడో దూరం నుంచి ట్యాంకర్లు తెప్పించి తొట్టి నిండుగా నింపించాడు. ట్యాంకరు వెనకాలే బిందెలతో వచ్చిన జనాన్ని చూసి, కొత్త నేలంతా బురద చేస్తారని గేటు వేయించాడు. చెడ్డబుద్ధితో కాదు. పనుల హడావిడిలో ఇలాంటివి ఎవరికీ తోచవు.

ప్రతిష్ఠ రోజు ఉదయాన్నే అయ్యగారు వచ్చారు. జెకర్యా చెయ్యిపట్టుకుని అంతా తిప్పి చూపించాడు. ఆయన అన్నిటికీ తలాడించారు, అంతే. పాటలు అయ్యాయి. బాప్తిస్మానికి సిద్ధపడ్డవాళ్ళు తెల్లబట్టల్లో వరసగా నిలబడ్డారు. జెకర్యా మైకు గురువుగారి చేతికిస్తూ, అందరికీ వినబడేలాగే అడిగాడు.

"దేవుని రాజ్యం ఎలా ఉంటుందో జనానికి కళ్ళారా చూపించాలని నాకు ఎన్నోసార్లు చెప్పారు అయ్యగారూ. చూపించాననుకుంటున్నాను. మీరొక్క మాట చెప్పి ఈ నీళ్ళు దీవించండి."

అయ్యగారు మైకు పక్కన పెట్టేశారు. తొట్టి మీదకి వంగి, దోసిలి ముంచి ఒక గుక్క తాగారు.

"తియ్యగా ఉన్నాయి" అన్నారు.

జెకర్యా ముఖం వెలిగిపోయింది. ఆ నీళ్ళు ఎంత దూరం నుంచి తెప్పించాడో చెప్పబోయాడు. అయ్యగారు వినిపించుకోకుండా, ప్రేమవిందు వండుతున్న వైపు నడిచారు. అక్కడినుంచి ఖాళీ బిందె ఒకటి పట్టుకొచ్చి, తొట్టిలో ముంచి, పైకి లేపబోయారు. బరువుకి ముందుకి తూలారు.

సంఘమంతా చూస్తోంది. కెమెరాలు నడుస్తున్నాయి. ఆపితే గురువుని కాదన్నట్టుంటుంది, ఊరుకుంటే పెద్దాయన పడిపోయేలా ఉన్నారు. జెకర్యాకి ఒళ్ళు మండింది, భయమూ వేసింది. గబగబా వెళ్ళి బిందె అందుకుని కొత్త కోటు మీదే భుజానికెత్తుకున్నాడు. ఎక్కడ పెట్టమంటారని అడిగాడు.

"గేటు అవతల."

గేటు తీశారు. చెరువుకి పోతున్న ఆడవాళ్ళు ఎండలో ఆగిపోయారు. ముందున్నావిడ తన బిందె ముందుకు జరిపి, మళ్ళీ వెనక్కి లాక్కుంది.

"మేం మీ సంగం కాదండి" అంది. "అసలు మీ మతమే కాదండి. పర్లేదాండి?"

జెకర్యా గురువుగారి కోసం చూశాడు. ఆయన ప్రహరీ నీడలో నిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నారు. సాయం వచ్చేలా లేరు. దేవుని రాజ్యం మీద గంటలకొద్దీ మాట్లాడగల జెకర్యా ఒక్క వచనమూ ఎత్తకుండా బిందె వంచాడు.

"పట్టమ్మా" అన్నాడు.

ఆవిడ తర్వాత ఇంకొకావిడ. బిందె ఖాళీ అయినప్పుడల్లా జెకర్యా మళ్ళీ తొట్టిలో ముంచుకొచ్చాడు. తర్వాత ఊళ్ళోని పాత చర్చివాళ్ళు. వాళ్ళలో సుగుణమ్మ కూడా ఉంది. తన సంఘం వదిలి అటు వెళ్ళిపోయిందని జెకర్యా ఆమెని లోగడ వేదిక మీంచి పేరుపెట్టి మరీ తిట్టాడు. ఆమె బిందె నింపుతున్నంతసేపూ తల ఎత్తలేకపోయాడు, నీళ్ళు సగం అతని మీదే ఒలికాయి. తెల్లబట్టలవాళ్ళు కూడా వచ్చి చెయ్యి వేశారు. సంఘపెద్దలు కొందరు లోపలే కూర్చుని గొణిగారు. కెమెరాలు ఆపమంటారా అని ఎవరో అడిగితే జవాబు చెప్పే తీరిక ఎవరికీ లేకపోయింది.

మధ్యాహ్నానికి తొట్టి అడుగున నీలం పలకలు తేలాయి. పాదాలు మునిగేటన్ని నీళ్ళు మిగిలాయి. వాటిని చూశాక గాని జెకర్యాకి సంగతి తెలిసిరాలేదు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన రోజు చేజారిపోయింది. దుఃఖం పొంగుకొచ్చింది.

"అయ్యగారూ, తొట్టి ఖాళీ అయిపోయింది. ఇవాళ బాప్తిస్మాలు ఎలాగండి?"

ఆశీర్వాదం అయ్యగారు అతన్ని పైనుంచి కిందిదాకా చూశారు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, కోటు ఒంటికి అతుక్కుపోయింది. గురువుగారి ముఖంలో అంత గర్వం జెకర్యా ఎన్నడూ చూసి ఎరగడు.

"ఒకటి అయింది కదా" అన్నారాయన. "మిగతావాళ్ళకి కాలువకి నీళ్ళు వదిలాక ఇద్దాం."