యుద్ధానికి ఎన్ని శ్రీలు?

గజకొండ అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ప్రతాపభైరవుడనే రాజు ఏలేవాడు. మనసు చెడ్డది కాదు గానీ ఆయనకు మర్యాదల పిచ్చి మెండు. ఎవరు ఎంత దూరంలో చెప్పులు విడవాలి, ఎవరు ఎంత లోతుగా వంగి నమస్కరించాలి అనే సంగతులు తేల్చడానికే ఆయనకు సగం పొద్దు గడిచిపోయేది.

ఆ రాజ్యంలోని పాఠశాలలో సూరావధాని అనే పండితుడు ఇరవై రెండేళ్లుగా తర్కం చెబుతూ ఉండేవాడు. ఎవరేమన్నా ముందు దానికొక ఆక్షేపణ చెప్పి, ఆ ఆక్షేపణకు సమాధానం చెప్పి, ఆ సమాధానంలో మళ్లీ లోపం చూపితే గానీ ఆయనకు తృప్తి ఉండేది కాదు. శిష్యులకు ఆయనంటే ప్రాణం. తోటి పండితులకు మాత్రం ఆయనతో భోజనానికి కూర్చోవాలంటే భయం. అందువల్ల రాజుగారు తన కొలువుకు ఒక సలహాదారును పంపమని కబురు చేసినప్పుడు, పాఠశాల పెద్దలందరూ ఒక్కమాటగా సూరావధాని పేరే చెప్పారు. వాళ్లు ఏ విషయంలోనైనా ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

బయలుదేరే రోజున భార్య పాపాయమ్మ ఆయనకు ఉత్తరీయం అందిస్తూ, "అక్కడ ప్రశ్నలు రాజుగారు అడుగుతారు. మీరు అడక్కండి" అని చెప్పింది.

ఆయన ఆ మాట విన్నాడు గానీ పాటించలేకపోయాడు. మొదటిరోజే రాజుగారు ఉద్యానవనం చుట్టూ గోడ కట్టించవచ్చా అని అడిగారు. గోడ అంటే ఏమిటో నిర్వచించడంతో మొదలుపెట్టి, సూరావధాని మధ్యాహ్నం దాకా మాట్లాడాడు. ఆయన ముగించేసరికి రాజుగారు నిద్రపోతున్నారు. సేనాపతి బసవదండు మీసం చాటున నవ్వుకుంటున్నాడు. ఇలా నాలుగైదుసార్లు జరిగాక, రాజుగారు ఆయనను సలహా అడగడం మానేసి, కొలువులో చివరి వరుసన కూర్చోబెట్టి లేఖలు రాసే పని అప్పగించారు.

ఇరవై రెండేళ్లు గురుపీఠం మీద కూర్చున్న మనిషికి అది చిన్నతనంగానే తోచింది. తిరిగి వెళ్లిపోదామని రెండుసార్లు మూట కట్టుకున్నాడు కూడా. కానీ చివరి వరుసలో కూర్చోవడం వల్ల ఆయనకు ఒక సంగతి తెలిసివచ్చింది. పాఠశాలలో ఎదుటివాడిది తప్పని నిరూపిస్తే గెలుపు. కొలువులో అలా నిరూపిస్తే ఓటమి. రాజు తనంతట తాను ఒక మాటకు రావాలి. పక్కనున్నవాడు చేయగలిగిందల్లా దారి చూపించడమే.

ఇలా ఉండగా ఒక ఆషాఢమాసంలో, పొరుగున ఉన్న నీలాద్రిపురం నుంచి లేఖ వచ్చింది. అక్కడి ముసలి రాజు కాలం చేశాడు. ఆయన కొడుకు పృథ్వీదేవుడు ఇరవై ఏళ్లవాడు, కొత్తగా పట్టానికి వచ్చాడు. తన తండ్రి మీద ఉన్న ఆదరమే తన మీద కూడా ఉంచమని వినయంగా రాశాడు. సూరావధాని ఆ లేఖ చదువుతూ ఉండగానే రాజుగారు చెయ్యెత్తి ఆపారు.

"మొదట్లో ఎన్ని శ్రీలు ఉన్నాయి?"

"మూడు, ప్రభూ."

ఆ కాలంలో లేఖ రాసేటప్పుడు మొదట ఎన్ని శ్రీలు పెట్టాలో ఒక మర్యాద ఉండేది. గురువుకు ఆరు, ఏలికకు అయిదు, శత్రువుకు నాలుగు, మిత్రుడికి మూడు, సేవకుడికి రెండు, కొడుక్కి ఒకటి. ప్రతాపభైరవుడికి అయిదుకు తక్కువ ఎవరూ రాసేవారు కాదు.

రాజుగారి ముఖం కందిపోయింది. నిన్న పట్టమెక్కిన కుర్రవాడు తనకు రెండు శ్రీలు ఎగ్గొట్టాడన్నారు. ఈ అవమానం కత్తితో తప్ప తీరదన్నారు. పున్నమినాటికి దండు కదలాలని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చారు.

గజకొండలో కాల్బలమంటే రైతులే. అప్పుడే వానలు పడ్డాయి, నారు ఎదిగి నాట్లకు సిద్ధంగా ఉంది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ సూరావధాని పొలాల దగ్గర ఆగాడు. దండోరా విన్న రైతులు అరకలు విప్పేసి గట్ల మీద కూర్చుని ఉన్నారు. ఒక ఆడమనిషి బురదలో నిలబడి, "మీరు పోతే నాటేదెవరు?" అని మొగుణ్ణి అడుగుతోంది. అతను విప్పిన అరకను తీసి గట్టు మీద పెట్టాడు.

మర్నాడు సూరావధాని కొలువులో లేచి, ఈ యుద్ధం న్యాయం కాదని సూటిగానే విన్నవించాడు. ఇది పాఠశాల కాదని రాజుగారు కసురుకున్నారు. సేనాపతి నేలకేసి చూశాడు. అతనికీ వానల్లో యుద్ధం ఇష్టం లేదు, అయితే ఆ మాట అనే ధైర్యమూ లేదు.

అప్పుడు సూరావధాని చేతులు జోడించి, "చిత్తం, ప్రభూ. అయితే తమవంటివారు చెప్పాపెట్టకుండా దండెత్తితే మర్యాద కాదు. యుద్ధం ప్రకటిస్తూ లేఖ పంపాలి. సెలవైతే ఇప్పుడే రాస్తాను" అన్నాడు.

మర్యాద అనేసరికి రాజుగారు సంతోషించారు. సూరావధాని ముందుకు వచ్చి, పీట వేసుకుని, తాటాకు ఒళ్లో పెట్టుకుని, గంటం పట్టుకుని ఆగాడు.

"ఎన్ని శ్రీలు రాయమంటారు?"

"వాడు శత్రువు. నాలుగు రాయి."

"చిత్తం. వారు తమకు మూడు రాశారు. మనం నాలుగు రాస్తే, గజకొండ ప్రభువు తనకంటే ఒక మెట్టు పైన మా రాజును నిలబెట్టారని వాళ్లు చెప్పుకుంటారేమో."

రాజుగారు సింహాసనంలో కదిలారు. "అయితే రెండు చాలు."

"రెండు సేవకుడికి. సేవకుడు తప్పు చేస్తే పిలిచి మందలిస్తారు గానీ ఏనుగులతో వెళ్లరు కదా అని లోకం అనుకుంటుంది."

"ఒకటి రాయి."

"ఒకటి కొడుక్కి. తమకు ఇద్దరు కుమారులు. తమ ముద్రతో ఈ లేఖ అందితే పృథ్వీదేవుడు మూడోవాడై వాటాకు వస్తాడు."

రాజుగారు మీసం మీద చెయ్యి వేసి, తీసేశారు. "అసలు శ్రీ లేకుండానే రాయి."

"శ్రీ లేని లేఖ చావు కబురుకే రాస్తారు, ప్రభూ. కింద తమ ముద్ర ఉంటుంది. పోయినదెవరని వాళ్లు కంగారు పడతారు."

బసవదండు తల పక్కకు తిప్పి దగ్గినట్టు నటించాడు. రాజుగారు వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నారు. అయిదు రాస్తే కుర్రవాడు తనకు ఏలిక అవుతాడు. ఆరు రాస్తే వాడి కాళ్లు కడగాలి.

"ఇక మిగిలింది మూడు" అన్నారు మెల్లగా. "మూడు మిత్రుడికి. మిత్రుడి మీద యుద్ధం ప్రకటించేదెలా?"

సూరావధాని ఆక్షేపణ చెప్పలేదు, సమాధానమూ చెప్పలేదు. గంటం దించి, "ఆ అబ్బాయి కూడా ఇలాగే లెక్కపెట్టుకుని ఉంటాడు, ప్రభూ. తండ్రి పోయి నెల తిరగలేదు. ఆరింటిలోనూ అతనికి కావలసింది అదొక్కటే అయి ఉంటుంది" అన్నాడు.

రాజుగారు నీలాద్రిపురం లేఖ తెప్పించుకుని, ఈసారి చివరిదాకా తానే చదువుకున్నారు. చదివి పక్కన పెట్టి, "మూడే రాయి. మీ నాయన నాకు కావలసినవాడని రాయి. నాట్లు కాగానే చూడటానికి వస్తున్నానని రాయి" అన్నారు.

సూరావధాని రాయడం ముగించి, ముద్ర వేయించుకుని లేవబోతూ ఉంటే రాజుగారు ఆయనను ఆపారు.

"అవధానిగారూ, లేఖా వద్దు, శ్రీలూ వద్దు, దండు నడిపించండి అని నేను అని ఉంటే ఏం చేసేవారు?"

"దానికి నా దగ్గర జవాబు లేదు, ప్రభూ. తమరు ఆ మాట ఎక్కడ అంటారోనని గంటం పట్టుకున్న చెయ్యి వణుకుతూనే ఉంది."

రాజుగారు కిరీటం జారేటంతగా నవ్వారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, తన భుజం మీది పట్టుశాలువ తీసి ఆయనకు కప్పారు. పల్లకి ఇచ్చారు. చివరి వరుసలోని ఆయన ఆసనాన్ని తన కుడిపక్కకు మార్పించి, ఇకమీదట ఏ దండు కదలాలన్నా ముందు ఈయన లేఖ రాయాలని శాసనం చేశారు.

సేనాపతి బసవదండు అందరికంటే ముందు లేచి నమస్కరించి, రైతులను ఇళ్లకు పంపడానికి గుర్రమెక్కి వెళ్లాడు.